కొత్త ఇంట్లో పాత కార్లకు గ్యారేజీ: ముందు ఏం చేయించాలి, ఏది ఆపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్ నుంచి విశాఖ మధురవాడ వైపు కొన్న కొత్త ఇంటికి మారుతున్నారు. కింద 20 బై 28 అడుగుల గ్యారేజీ, స్లాబు ఎత్తు 10 అడుగులు. మీ దగ్గర 1972 అంబాసడర్ మార్క్ 2, 1984 పద్మిని, 1998 జిప్సీ ఉన్నాయి. గృహప్రవేశం లోపే ఎపాక్సీ ఫ్లోరింగు (నేల మీద వేసే గట్టి రసాయన పూత), రెండు స్తంభాల లిఫ్టు, గోడ నిండా అల్మారాలు చేయించేసి ఆ తర్వాత కార్లు దింపుకుందామా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే వద్దండి. ఎపాక్సీ, లిఫ్టు, అల్మారాలు మూడూ ఒక వానాకాలం గడిచేదాకా ఆపండి. గృహప్రవేశం లోపు చేయించాల్సినవి వేరే ఉన్నాయి. గ్యారేజీ గుమ్మం దగ్గర నీళ్ళ దారి, గాలి ఆడే ఏర్పాటు, కరెంటు, ఇంట్లోకి వెళ్ళే తలుపు. ఇవి ఫొటోల్లో కనపడవు కాబట్టి ఎవరూ ముందు చేయించరు, తర్వాత చేయించాలంటే కొత్త గోడలు పగలగొట్టాలి. ఇళ్ళు కట్టించడం నా వృత్తి, పాత కార్లు నా పిచ్చి, ఈ రెండూ కలిసిన చోట జరిగే తప్పులు విశాఖ, భీమిలి మధ్యే చాలా చూశాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మీ లెక్క సరిచేద్దాం. అది మూడు కార్ల గ్యారేజీ కాదు, రెండు కార్లదే. బిల్డర్ బ్రోషర్‌లో మూడని వేసి ఉంటాడు. అంబాసడర్ వెడల్పు ఇంచుమించు 1.66 మీటర్లు, పద్మిని 1.46, జిప్సీ 1.54. మూడూ పక్కపక్కన పెడితే 4.66 మీటర్లు. మీ గ్యారేజీ వెడల్పు 6.1 మీటర్లు, అంటే మిగిలేది 1.44 మీటర్లు, దాన్ని నాలుగు సందులుగా పంచితే ఒక్కోటి 36 సెంటీమీటర్లు. తలుపు తీసి దిగలేరు. సరే, ఒకదాని వెనక ఒకటి పెడదామంటే అంబాసడర్ 4.3 మీటర్లు, పద్మిని 3.9 పైచిలుకు, కలిపి 8.25 దాకా. మీ లోతు 8.5. షట్టరుకీ బంపరుకీ మధ్య పిల్లి కూడా దూరదు.

అదే రెండు కార్లు పక్కపక్కన పెట్టి చూడండి. మూడు సందులూ దాదాపు మీటరు చొప్పున వస్తాయి, తలుపులు పూర్తిగా తెరుచుకుంటాయి, జాకీ లోపలికి తోయొచ్చు. వెనక నాలుగు మీటర్లకు పైనే ఖాళీ మిగులుతుంది, బెంచీ, వైస్, కంప్రెసరు అన్నీ అక్కడే. జిప్సీని బయట పోర్టికోలో పెట్టుకోండి. ఎలాగూ రోజూ తిరిగే బండి అదే, రోజూ కదిలే బండికి తుప్పు బాధ కొంత తక్కువ, వారానికోసారి కింద మంచినీళ్ళతో కడిగితే చాలా వరకు నిలబడుతుంది. నమ్మకం కుదరకపోతే గ్యారేజీ నేల మీద సుద్దముక్కతో మూడు కార్ల కొలతలూ గీసి మధ్యలో నడిచి చూడండి.

ఇక అసలు విషయం, తేమ. హైదరాబాద్‌లో మీ కార్లు ఇన్నాళ్ళూ ఉన్నది పొడి గాలిలో. అక్కడ కవరు కప్పి నెలలు వదిలేసినా పెద్దగా ఏమీ కాదు. ఇక్కడ అదే కవరు కప్పి వదిలేస్తే డోర్ల అడుగు, వీల్ ఆర్చీలు, బూట్ నేల అన్నిటినీ తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, రేకు మీద కంటికి కనపడని తడి పొర ఎప్పుడూ ఉంటుంది. మార్పు మొదట బాడీ మీద కనపడదు. స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి లోపలి కాంటాక్టులు చూడండి, ఫ్యూజు క్లిప్పులు చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో "హైదరాబాద్‌లో ఒక్క సెల్ఫ్‌కి స్టార్టయ్యే బండి ఇక్కడ మొండికేస్తోంది" అనేవాళ్ళ బండ్లలో సగం వాటి జబ్బు ఇదే, కార్బరేటర్ విప్పి పారేస్తుంటారు పాపం.

కాబట్టి గాలి ఆడాలి. షట్టర్ మూసి ఉన్నా ఆడాలి. ఒక గోడకు నేల నుంచి అడుగు ఎత్తున, ఎదుటి గోడకు స్లాబు కింద వెంటిలేటర్లు పెట్టించండి. కింది దానికి సన్నటి స్టీలు జాలీ తప్పనిసరి, లేకపోతే ఎలుకలు దూరి వైరింగు కొరికేస్తాయి, ఒక బండి వైరింగు మొత్తం మార్చాలంటే ఎంత అవుతుందో మీకు తెలుసు. ప్లాస్టిక్ కవర్లు పారేయండి, లోపల నీడలో ఉన్న బండికి పల్చటి నూలు దుప్పటి చాలు. డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) కొనమని చెప్పేవాళ్ళు ఉంటారు. రోలింగ్ షట్టర్ ఉన్న గ్యారేజీలో అది బంగాళాఖాతాన్ని ఆరబెట్టే ప్రయత్నమే. గది గట్టిగా మూసుకుంటేనే దానికి అర్థం ఉంది.

షట్టర్ గురించి ఒక మాట. వాస్తు ప్రకారం వాహనాలకు వాయవ్యం అంటారు, మీ ఇంటికి అదే కుదిరితే మంచిదే, మనకు సముద్రం తూర్పు, ఆగ్నేయం వైపు కాబట్టి నేరుగా ఉప్పుగాలి కొట్టదు. మీ షట్టర్ సముద్రం వైపే ఉంటే మాత్రం మామూలు రేకు షట్టర్ వద్దు. జింకు పూత ఉన్న మందం రేకుతో, పట్టీల చివర గాలికి ఊడకుండా పట్టే క్లిప్పులతో చేయించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు షట్టర్లు పక్క చానెళ్ళలోంచి ఊడి కాగితంలా ముడుచుకుపోవడం ఈ ఊళ్ళో చాలామంది చూశారు. మోటారు పెట్టించినా చేత్తో లాగే గొలుసు ఉంచుకోండి. తుఫానుకి ముందు పోయేది కరెంటే.

గుమ్మం దగ్గర నీళ్ళు. మధురవాడ వైపు చాలా లేఅవుట్లు కొండవాలులో ఉన్నాయి, గట్టి వాన పడితే ఎర్రమట్టి నీళ్ళు రోడ్డు మీదే పారతాయి. పైగా ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తారు, కొన్నాళ్ళకి రోడ్డు ఎత్తు, ఇల్లు పల్లం. షట్టర్‌కి బయట అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, తొమ్మిది అంగుళాల కాలవ తీయించి పైన బరువు మోసే ఇనప జాలీ వేయించండి. జాలీ ముక్కలుగా ఉండి చేత్తో ఎత్తేలా ఉండాలి, వానాకాలంలో ఆకులూ మట్టీ తీయాలి కదా. ర్యాంపు నిటారుగా కడితే అంబాసడర్ ఎక్కుతుంది గానీ పద్మిని సైలెన్సర్ రుద్దుకుంటుంది. కాంక్రీటు వేయకముందే చెక్క పలకలు పరిచి ఒకసారి బండి ఎక్కించి చూస్తే ఆ బాధ ఉండదు.

నేల. ఎపాక్సీ ఎందుకు వద్దంటున్నానంటే, ఇళ్ళ కింద పార్కింగులో మామూలుగా జరిగేది ఏమిటంటే మట్టి నింపి, దిమ్మిస కొట్టి, మూడు నాలుగు అంగుళాల బెడ్ కాంక్రీటు వేసి వదిలేస్తారు. కింద పాలిథిన్ పట్టా వేయరు. కింది తేమ కాంక్రీటు లోంచి మెల్లగా పైకి వస్తూనే ఉంటుంది, మామూలుగా అయితే ఆరిపోతుంది కాబట్టి తెలీదు. పైన ఎపాక్సీతో మూత పెట్టారనుకోండి, ఆ తడి పోవడానికి దారి లేక పొర బుడగలుగా లేస్తుంది, తర్వాత వేడి టైరు ఆగిన చోట చెక్కలుగా ఊడొస్తుంది. పరీక్ష ఖర్చు లేనిది. అడుగున్నర చతురస్రం పాలిథిన్ ముక్క తీసుకుని నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు వేసి నేలకి అంటించి కనీసం పదహారు గంటలు ఉంచండి. తీసినప్పుడు అడుగున చెమట పట్టినా, కాంక్రీటు నల్లబడినా ఎపాక్సీ మాట మర్చిపోండి. ఎండాకాలంలో చేసి పొడిగా ఉందని సంతోషపడొద్దు, ఆగస్టులో ఒకసారి, అక్టోబర్లో ఒకసారి చేయండి. వానాకాలం ఆగమన్నది ఇందుకే.

అప్పటిదాకా? ఉత్త సిమెంటు నేలే మంచిది. నునుపుగా పాలిష్ చేయించి నూనె పీల్చకుండా సీలర్ కొట్టించుకోండి. విట్రిఫైడ్ టైల్సు గ్యారేజీలో వద్దు, ట్రాలీ జాకీ చక్రం కింద బరువంతా ఒక్క చోట పడుతుంది, కింద బోలుగా ఉన్న టైలు టప్పుమంటుంది. షాబాద్ బండలు బలంగా ఉంటాయి, చూడ్డానికీ బాగుంటాయి, కానీ అది సున్నపురాయి జాతి. బ్యాటరీ యాసిడ్ చుక్క పడితే బుసబుసమని పొంగి తెల్ల మచ్చ పడుతుంది, అది మళ్ళీ పోదు. బండలే కావాలంటే బ్యాటరీ పని బయట పెట్టుకోండి.

లిఫ్టు. మీకు బాగా మనసున్నది దీని మీదే అని తెలుస్తోంది, అందుకే వివరంగా చెప్తా. 10 అడుగులన్నది స్లాబు కింద కొలత. బీమ్ కింద కొలిచారా? బీమ్ అడుగు కిందికి దిగి ఉంటే మీ అసలు ఎత్తు 9 అడుగులు, అంటే 2.74 మీటర్లు. అంబాసడర్ ఎత్తు ఇంచుమించు 1.6. బీమ్ కింద ఉన్నప్పుడు అది లేచేది 1.1 మీటర్లే. జిప్సీ 1.87 దాకా ఉంటుంది, అది మీటరు కూడా లేవదు. రెండు స్తంభాల లిఫ్టులు చాలావాటికి స్తంభాలే 11, 12 అడుగులుంటాయి, మీ గదిలో నిలబెట్టడమే కుదరదు. పొట్టివి దొరికినా రెండో సమస్య నేల. ఆ లిఫ్టులో బండి బరువు నేరుగా కిందికి దిగదు, స్తంభం లోపలికి వంగాలని చూస్తుంది, ఆ లాగుడంతా అడుగు ప్లేటుకున్న యాంకర్ బోల్టుల మీద పడుతుంది. మూడు అంగుళాల బెడ్ కాంక్రీటులో ఆ బోల్టులు పట్టవు. దానికి కనీసం ఆరు అంగుళాల మందాన, ఎం25 గ్రేడు (గట్టి రకం) కాంక్రీటు, లోపల ఊచల జాలీతో ఒకే పలకగా పోయాలి, 28 రోజులు గట్టిపడనివ్వాలి. లిఫ్టు అమ్మేవాళ్ళు "ఏం పర్లేదు సార్, కెమికల్ యాంకర్ వేస్తాం" అంటారు. యాంకర్ ఎంత మంచిదైనా పట్టుకోవడానికి కింద కాంక్రీటు ఉండాలిగా.

నాకు తెలిసిన ఒకాయన భీమిలి రోడ్డులో ఇల్లు కట్టుకుని నాలుగు స్తంభాల లిఫ్టు పెట్టించాడు, స్లాబు తొమ్మిదిన్నర అడుగులు. ఇప్పుడు దాని మీద పాత పరుపులు, ఆవకాయ జాడీలు ఉంటాయి, కింద స్కూటర్ పెడతారు. ఆయన భార్యకి మాత్రం ఆ లిఫ్టంటే భలే ఇష్టం.

మీకు సరిపోయేది తక్కువ ఎత్తు లేచే సిజర్ లిఫ్టు, అంటే కత్తెరలా మడతపడి లేచేది. మీటరు దాకా లేపుతుంది, నేలకి బిగించక్కర్లేదు, గోడకి ఆనించి పెట్టుకోవచ్చు. స్టూలు మీద కూర్చుని బ్రేకులు, సస్పెన్షన్, సైలెన్సర్ పనులు హాయిగా చేసుకోవచ్చు. గేర్‌బాక్స్ దించాలంటే మాత్రం ఇబ్బందే, అది ఎలాగూ ఏళ్ళకోసారి వచ్చే పని, గాజువాక ఆటోనగర్‌లో చేయించుకోండి. నిజానికి మొదటి ఏడాది మంచి ట్రాలీ జాకీ, మూడు టన్నుల జాక్ స్టాండ్లు నాలుగు చాలు. మీరు ఎన్ని ఆదివారాలు నిజంగా బండి కిందకి దూరతారో చూసుకుని అప్పుడు లిఫ్టు కొనండి.

గుంత తవ్విద్దామా అని ఎవరో సలహా ఇచ్చారన్నారు. వద్దే వద్దు. ఇక్కడ వానాకాలంలో అది బావి అవుతుంది. అంతకంటే ముఖ్యం, పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేలబారున పాకి వచ్చి గుంతలో నిలుస్తుంది, మీరు దాంట్లో దిగి హ్యాండ్ ల్యాంప్ వెలిగిస్తారు. వర్క్‌షాపుల్లో గుంతలకి గాలి లాగే ఏర్పాటు, నిప్పురవ్వ బయటికి రాని లైట్లు పెడతారు, ఇంట్లో ఎవరూ పెట్టరు.

అదే లెక్కన, గ్యారేజీ నుంచి ఇంట్లోకి, మెట్లకి తెరుచుకునే తలుపు గట్టిగా మూసుకునేదై ఉండాలి, దానంతటదే మూసుకునే స్ప్రింగు పెట్టించండి. చోక్ లాగి స్టార్ట్ చేసిన పాత ఇంజన్ వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ, వాసన ఉండదు, పై గదుల్లో పిల్లలు పడుకుంటారు. స్టార్ట్ చేయగానే బండి బయటికి తీయండి, ట్యూనింగ్ అంతా బయటే. పెట్రోలు విషయానికొస్తే లైసెన్సు లేకుండా ఇంట్లో 30 లీటర్లకు మించి నిలవ ఉంచకూడదని చట్టం, నన్నడిగితే ఐదు లీటర్ల ఇనప క్యాన్ దాటి ఉంచొద్దు, అదీ ఇన్వర్టర్ బ్యాటరీకి దూరంగా. తలుపు పక్కన, అంటే మీరు పారిపోయే దారిలో, మంటలార్పే ఆరు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ తగిలించండి.

కరెంటు త్వరగా చెప్పేస్తా. గ్యారేజీకి బోర్డు నుంచి వేరే లైను, వేరే ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు). తడి నేల మీద చెప్పుల్లేకుండా డ్రిల్లు పట్టుకునే రోజు మీకూ వస్తుంది. 16 ఆంపియర్ల సాకెట్లు గోడకొకటి, నడుం ఎత్తున, ఎందుకంటే వరద నీళ్ళు ఒక అడుగు వచ్చినా మునగకూడదు. రెండు హెచ్‌పీ కంప్రెసర్‌కి ఇది సరిపోతుంది. వెల్డింగు కూడా చేస్తానంటే త్రీ ఫేజ్ అడగండి, ఇప్పుడే లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టుకుంటే మేలు. ట్యూబ్‌లైట్లు కారు పైన నడిమధ్యలో కాదు, సందుల పైన రావాలి, లేకపోతే మీ నీడ మీరు చేసే పని మీదే పడుతుంది.

కాగితాలు. ఇది చాలామంది మర్చిపోతారు. మీ జిప్సీ నంబరు ఏపీ 09 అన్నారు. ఏపీ అని ఉంది కదా, ఆంధ్రకే వస్తున్నాం కదా అనుకోకండి. 09 ఖైరతాబాద్‌ది, రాష్ట్రం విడిపోయాక ఆ రికార్డులు తెలంగాణ రవాణా శాఖవి. అక్కడ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచే బండికి చట్టం అదే చెప్తుంది. బండి వయసును బట్టి పన్ను లెక్క వేస్తారు, ముందే కనుక్కోండి. మిగతా రెండింటికీ ఇదే దారి. రెన్యూవల్ దగ్గర పడినవి ఉంటే ఫీజులు కూడా చూసుకోండి, 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన కారుకి 5,000 చేశారు, 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు.

అంబాసడర్‌కి 50 ఏళ్ళు దాటాయి కాబట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చా అని అడిగారు. తీసుకోవచ్చు, 2021 నిబంధనల ప్రకారం 20,000 ఫీజు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కానీ ఆ తర్వాత దాన్ని ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఆదివారం పొద్దున బీచ్ రోడ్డులో టిఫిన్‌కి వెళ్ళాలనుకునే మనిషికి అది సంకెలే. మామూలు రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉంటే దాన్నే కాపాడుకోండి.

ఇంధనం. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, ఈ ఊరి గాలిలో సగం ఖాళీ ట్యాంకు నెలల తరబడి నిలబెడితే నీళ్ళు కిందికి చేరతాయి, ట్యాంకు తుప్పు, కార్బరేటర్ బౌల్లో తెల్లటి పొడి. పాత రబ్బరు గొట్టాలు, ఫ్యూయల్ పంప్ డయాఫ్రమ్ మెత్తబడి చీలతాయి. ప్రయాణానికి ముందే రెండు పాత కార్లకీ గొట్టాలన్నీ కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ రకం వేయించేయండి. ఎక్కువ రోజులు నిలబెట్టేటప్పుడు ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు ఊడదీసి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపితే బౌల్ ఖాళీ అవుతుంది. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచొద్దు, రెండూ డ్రమ్ము బ్రేకుల బండ్లే, తేమకి లైనింగ్ డ్రమ్ముకి అతుక్కుంటుంది. చక్రాలకి చెక్క దిమ్మలు పెట్టండి. బ్రేక్ ఆయిల్ కూడా తేమ తాగేదే, హైదరాబాద్‌లో ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే వచ్చిన వెంటనే మార్చండి.

స్పేర్ పార్టుల సంగతి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మీకు తెలిసిన షాపులతో సంబంధం తెంచుకోకండి, ఇక్కడ అంబాసడర్, పద్మిని సామాన్లు వెతకాలి. విజయవాడ ఆటోనగర్ మధ్యలోనే ఉంది, వచ్చే దారిలో ఆగి కావాల్సిన రబ్బరు సామాను, బేరింగులు పట్టుకోండి. అక్కడ టింకరింగ్ మేస్త్రీలు కూడా పాతకాలం పనివాళ్ళు దొరుకుతారు.

ఇరుగుపొరుగు గురించి పెద్దగా చెప్పను. గ్రైండర్, కంప్రెసర్ మధ్యాహ్నం నిద్రల వేళ, రాత్రి ఎనిమిది తర్వాత వద్దు. మొదటి నెలలో పక్కింటాయన స్కూటీకి ఒకసారి గాలి కొట్టి పెట్టండి, తర్వాత ఏళ్ళ తరబడి ఫిర్యాదు రాదు. గ్యారేజీలో ఒక మూల ఇంట్లోవాళ్ళకి ముందే రాసిచ్చేయండి, గ్యాస్ సిలిండరు తప్ప ఏం పెట్టుకున్నా సరే అనండి. మీరు ఇవ్వకపోతే వాళ్ళే తీసుకుంటారు, అప్పుడు బెంచీ మీదే బియ్యం బస్తాలు ఉంటాయి.

చివరిగా ఏ బండి ముందు తేవాలన్నారు. జిప్సీ ముందు, సామాన్లతో పాటే. దాంతో ర్యాంపు, కాలవ, షట్టర్ అన్నీ పరీక్షయిపోతాయి. పద్మినిని మీరే నడుపుకుంటూ రండి, ఆరొందల కిలోమీటర్లు పైనే, విజయవాడలో రాత్రి ఆగి, డిసెంబర్ జనవరి నెలల్లో అయితే ఇంజన్ వేడెక్కే బాధ కూడా ఉండదు. అంబాసడర్ కింగ్‌పిన్లు (ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఆధారమైన పిన్నులు) వదులుగా ఉన్నాయని రాశారు కాబట్టి దాన్ని నడపొద్దు, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించండి, తాళ్ళు బంపరుకి కాకుండా చక్రాలకి కట్టమనండి, ఎక్కించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఈలోపు బీమ్ కింద ఎత్తు కొలిచి, పాలిథిన్ పరీక్ష ఫలితం ఇక్కడే రాయండి, నేల మందం ఎంతుందో మీ మేస్త్రీని అడిగి అదీ చెప్పండి. సిజర్ లిఫ్టు ఏ సైజు పడుతుందో అప్పుడు లెక్క వేసి చెప్తాను.